కూత వినపడే దూరం

రిగ్గై,
నవంబరు మొదటి శుక్రవారం.

బావకు,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి నాకు నోరు రావడం లేదు. ఉన్నదే నాలుగు వరుసలు. మూడు వరుసల్లో ఈ వారం వంకాయలు ఎట్లా కాసినాయో రాశావు, చివరి వరుసలో నువ్వు బాగున్నావని రాశావు. నువ్వు బాగున్నానని ఒక్క ముక్కలో తేల్చేశావంటే ఏదో దాస్తున్నావని పెళ్ళయిన ఏడాదే నాకు తెలిసిపోయింది.

కూరగాయల వ్యాను తోలే వీరేంద్ర గోదావరి మనిషి, కడుపులో మాట నిలవదు. కొత్తిమీర కట్టల మధ్య నుంచి నీ కాగితం తీసి ఇస్తూ అడిగాడు, మీ తోటలో శుక్రవారం వస్తే జింకల వేట జరుగుతోంది, తెలుసా అని. నాకు తెలియదన్నాను. "అదేంటండి, ఆటిని తుపాకీల ముందుకి తోలేది మీ ఆయనేనండి" అన్నాడు. చేతిలో ఉన్న టమోటా పెట్టె కింద పెట్టేశాను.

నిజం చెప్పు బావా. ఆ జింకల్ని మీ తోట యజమాని పెద్ద బాబా, అదే నేను పనిచేసే ఇంటి యజమానురాలు మా మామా వాళ్ళ అన్న, ప్రాణంగా పెంచుకున్నాడని నువ్వే చెప్పేవాడివి. నువ్వు వాటికి కీరకాయలు తరిగి పెడతావని ఈ ఇంట్లో చెబితే అందరూ నవ్వారు కూడా. ఆయన పోయి ఏడాదన్నా కాలేదు. కొడుకులకు ఇదేం ఆట? అదేమన్నా అడవా? ఒక పక్క మీ పనివాళ్ళ గదులు, ఇంకో పక్క కంచె దాటగానే రెడ్డెమ్మక్క ఉండే ఇల్లు. తూటాకు కంచె అడ్డమా?

మామా నా ఫోను బీరువాలో పెట్టి శుక్రవారం కాసేపు ఇస్తుంది, అది కూడా హాల్లో తన ముందరే మాట్లాడాలి. నీ దగ్గర నీళ్ళ ట్యాంకు ఎక్కితేగాని సిగ్నల్ రాదు. ఒకే అరబ్బు దేశంలో ఉండి, ఎప్పుడో రంజాన్ పండక్కి చూసుకున్న మొహాలు మనవి. ఈ కాగితాల మీదే కాపురం చేస్తున్నాం. ఇందులో కూడా దాచుకుంటే నాకేం మిగులుతుంది?

ఇది రేపటి వ్యానుకు ఇస్తున్నాను. జవాబు పొడుగ్గా రాయి.

నీ పార్వతి


వఫ్రా,
నవంబరు నడుమ.

పార్వతికి నీ బావ రాసేది,

ఇకమీదట ఆ వీరేంద్రకు ఇక్కడ టీ లేదు.

చెప్పకపోవడానికి కారణం నువ్వే. పోయినేడు నాకు జ్వరమని రాస్తే అన్నం మానేసి కూర్చున్నావు. ఇది రాస్తే ఏం చేస్తావో అని రాయలేదు.

సంగతి ఇది. పెద్ద బాబా కొడుకులు ఈ తోట తీసేసి విడిది ఇళ్ళు కట్టాలనుకుంటున్నారు. జింకలు వాళ్ళకు అడ్డం. శుక్రవారం పొద్దున స్నేహితులతో వచ్చి కొన్నింటిని కొట్టి, మాంసం కాల్చుకుని తిని పోతారు. తుపాకీ మోతకు జింకలు ఖర్జూరపు చెట్ల వెనక్కు పోయి నక్కుతాయి. వాటిని బయలులోకి తెచ్చేది నేను. నా గోధుమరంగు శాలువా కనిపిస్తే మేత వచ్చిందనుకుని నా వెంట వస్తాయి. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

నువ్వు భయపడే పని ఎందుకు లేదో విను. చిన్నప్పుడు మా తాత అడవిపందుల వేటకు పోతే నేనూ పోయేవాణ్ణి. పల్లెకు ఆనుకుని వేటాడేటప్పుడు దానికో పద్ధతి ఉండేది. ముందురోజే ఒకరు ఇల్లిల్లూ తిరిగి చెప్పి రావాలి, రేపు పొద్దున ఆ పక్కకు గొడ్లను తోలొద్దు, పిల్లల్ని పంపొద్దు అని. తుపాకీ మూతి గుట్ట వైపే తిరిగి ఉండాలి. గుండు గురి తప్పినా మట్టిలో పడాలిగాని ఇళ్ళ మీదికి పోకూడదు. పొద కదిలిందని కాల్చకూడదు. తోలేవాళ్ళు కూత పెడుతూనే ఉండాలి. ఎవరి కూత ఎక్కడ ఉందో తెలిశాకే తుపాకీ ఎత్తాలి. కూత ఆగిందంటే దించేయాలి. మా తాత చేతిలో ఒక మనిషికి కూడా గోరంత గాయం కాలేదు.

నేను ఇక్కడ అదే చేస్తున్నాను. గురువారం సాయంత్రం కంచె దగ్గరికి పోయి రెడ్డెమ్మక్కకు చెబుతాను, పొద్దున బయటికి రావద్దని. ఆమె ఆ విడిది ఇల్లు ఊడ్చి తుడిచి ఒంటరిగా కాపలా ఉంటుంది, ఆ ఇంటివాళ్ళు వచ్చేది ఎప్పుడో ఒకసారి. మట్టికట్ట వైపే కాల్చమని పెద్ద బాబా చిన్నకొడుక్కు చూపించాను, సరేనన్నాడు. నేను గొంతు పోయేదాకా కూత పెడుతున్నాను. గొంతు ఉన్నంతకాలం నాకేం కాదు.

వంకాయలు ఈ వారం పుచ్చిపోయాయి. అది కూడా నీకు తెలియాలి కదా.

పెంచల్


రిగ్గై,
డిసెంబరు.

బావకు,

నీ ఉత్తరం చదివి కొన్నాళ్ళు ధైర్యంగానే ఉన్నాను. మా వంటామె జమీలా బీకి కూడా గొప్పగా చెప్పుకున్నాను, మా ఆయనకు వేట పద్ధతులన్నీ తెలుసు అని. ఆమెదీ మన కడపే కాబట్టి ఓపిగ్గా విన్నది.

నిన్న మామా కొడుకు మీ తోటకు పోయి వచ్చాడు. సాయంత్రం టీ వేళ అందరూ హాల్లో కూర్చుంటే, తను తీసిన వేట వీడియో టీవీలో పెట్టాడు. నేను టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ముగ్గురు కుర్రాళ్ళు తుపాకులు ఎత్తి ఉన్నారు. ముగ్గురి చెవులకూ పెద్ద పెద్ద మూతలు బిగించి ఉన్నాయి బావా, మోత వినపడకుండా పెట్టుకునేవి. ఒకడైతే వాటిలో పాట పెట్టుకున్నట్టున్నాడు, తల ఊపుతున్నాడు. దూరంగా జింకలు పరుగెత్తుతున్నాయి. వాటి మధ్యలో గోధుమరంగుది ఒకటి వంగుతూ లేస్తూ వస్తోంది. అది మనిషని ఆ హాల్లో ఎవరూ అనుకోలేదు. నువ్వు కుడికాలు కొంచెం ఈడుస్తావు కదా, దాన్నిబట్టి నేను పట్టుకున్నాను.

ఇంకో మాట రాయాలి. నీ కూత వినపడింది. ఆ మోతల్లో, వాళ్ళ నవ్వుల్లో, ఎక్కడో వెనకనుంచి "పార్వతీ, పార్వతీ" అని నువ్వు అరుస్తున్నావు. మామా కొడుకు వీడియో ఆపి, ఆ పనివాడు ఏమని అరుస్తున్నాడని అందరినీ అడిగాడు. ఎవరికీ తెలియలేదు. ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ నన్ను మరియం అంటారు, పార్వతి అనేది నా పేరని తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. నన్ను ఎవరైనా పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో. పలకాలని నోటిదాకా వచ్చింది బావా. టీ ఇచ్చేసి, వంటింట్లో నీళ్ళ కొళాయి తిప్పి ఏడ్చాను. జమీలా బీ ఏమైందని అడిగితే కంట్లో సబ్బు పడిందన్నాను.

చెవులు మూసుకున్నవాళ్ళ ముందు నువ్వు ఎంత కూత పెడితే ఏం లాభం? మీ తాత వెంట వచ్చినవాళ్ళు చెవులు పెట్టి వినేవాళ్ళు. వీళ్ళకు నీ గొంతు చేరదు. నువ్వు కప్పుకున్నది జింక రంగు, నడిచేది జింకల మధ్య. నాకు నిన్న రాత్రి నుంచీ అన్నం దిగడం లేదు, ఆ సంగతి నీకు ముందే తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మా వీధి ఊడ్చే ఆంజిని అడిగి, వాళ్ళు తొడుక్కునే పసుపుపచ్చ చొక్కా ఒకటి తీసుకున్నాను, మెరిసే పట్టీలది. ఖాళీ పెట్టెల్లో పెట్టి పంపుతున్నాను. శాలువా తీసేసి అది వేసుకో. కనీసం వాళ్ళ కంటికన్నా కనబడు. కుదరకపోతే తోలనని చెప్పేసేయి.

నీ పార్వతి


వఫ్రా,
డిసెంబరు నెలాఖరు.

పార్వతికి,

చొక్కా అందింది. ఈ తోట తాళాలన్నీ నా నడుముకు ఉంటాయి. నేను వీధులు ఊడ్చేవాళ్ళ చొక్కా తొడుక్కుని నిలబడితే ఇక్కడ నన్ను లెక్కచేసేది ఎవరు? ఆంజి మంచివాడే, నేను కాదనను. అయినా మనసొప్పలేదు.

నువ్వు అడిగావు కాబట్టి ఒక శుక్రవారం వేసుకున్నాను, నీ మీద ఒట్టు. జింకలు దాన్ని చూసి బెదిరి తలా ఒక దిక్కుకు పోయాయి. కుర్రాళ్ళు వాటి వెంటపడి నాలుగు వైపులా కాల్చారు. మట్టికట్ట మాటే మరిచారు. దానికంటే శాలువా నయం. నేను కనబడకపోయినా జింకలన్నీ ఒక్క దిక్కుకే వస్తాయి, తూటాలూ అటే పోతాయి.

చెవి మూతల సంగతి చిన్నకొడుకుతో చెప్పాను. అవి లేకుండా కాలిస్తే చెవులు పోతాయని డాక్టరు చెప్పాడంట. వాళ్ళ చెవుల గురించి వాళ్ళకు శ్రద్ధ ఉంది.

నీ చొక్కాను మాత్రం వృథా పోనివ్వలేదు. రెడ్డెమ్మక్క ఇంటి వైపు కంచె గుంజకు ఎత్తుగా కట్టాను, అటు మనుషులున్నారని అంత దూరం నుంచీ తెలియాలని. చిన్నకొడుక్కు చూపించి, ఆ పసుపు కనపడే వైపు తుపాకీ తిప్పొద్దన్నాను. యల్లా, తెలిసింది పొమ్మన్నాడు. రెడ్డెమ్మక్క చూసి, "మా యింటికి జెండా కట్టినావే పెంచలా" అని నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైనట్టుంది పాపం.

ఇక నీ పేరు సంగతి. తోలేటప్పుడు ఎవరి కూత వాళ్ళది. మా తాత నరసింహస్వామిని పిలిచేవాడు. నేను మొదటిరోజు ఊరికే హో హో అని అరిచాను, కాసేపటికే నీరసం వచ్చింది. నీ పేరయితే ఎంతసేపైనా అరవగలుగుతున్నాను. ఇక్కడ ఉన్న ఇద్దరు పనివాళ్ళూ వాళ్ళ భాషలో వాళ్ళు మాట్లాడుకుంటారు. నాకు వారమంతా నోరు తెరిచే పని ఉండదు. శుక్రవారం ఒక్కరోజు గట్టిగా నిన్ను పిలుస్తాను. ఆ వేట నాకు నచ్చదు, అట్లా పిలవడం నచ్చుతుంది. నవ్వుకోవద్దు.

పెంచల్


రిగ్గై,
జనవరి.

బావకు,

నవ్వలేదు. ఆ ఉత్తరాన్ని దిండు గలీబులో దాచుకున్నాను.

అట్లాంటి ఉత్తరం రాసిన మనిషి, ఆ తర్వాత వరుసగా రెండు శనివారాలు మళ్ళీ వంకాయల గురించి రాసి పంపాడు. నాకు అర్థం కాదనుకున్నావా? ఈసారి వ్యాను ఆగగానే వీరేంద్రను నిలదీశాను. ముందు తల గోక్కున్నాడు. మీకు చెప్పనని మీ ఆయనకు మాటిచ్చానండి అన్నాడు. మాటిచ్చినవాడు మొహం అట్లా పెట్టకూడదు, పెట్టాడు కాబట్టి చెప్పక తప్పలేదు.

మొన్నొక శుక్రవారం జింకలు ఎంతకూ బయటికి రాలేదంట. కుర్రాళ్ళకు విసుగొచ్చి, గుంజకు కట్టిన పసుపు చొక్కా మీద పందెం వేసుకుని కాల్చారంట. ఒక తూటా కంచె దాటి రెడ్డెమ్మక్క నీళ్ళ ట్యాంకును చీల్చింది. పొద్దెక్కింది, వేట అయిపోయిందనుకుని ఆమె దాని కింద గిన్నెలు తోముకుంటోంది. నీళ్ళతోపాటు మెట్ల మీద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ తూటా కొంచెం కిందికి తగిలి ఉంటే ఆమె తలకే తగిలేదని వీరేంద్ర అన్నాడు.

మనుషులున్నారని గుర్తుకోసం కట్టిన చొక్కానే వాళ్ళు గురి చేసుకున్నారు. కట్టింది నువ్వు, పంపింది నేను. అది నాకు తెలియకూడదని నువ్వు దాచావు. నన్ను కాపాడాలనే దాచావు, అది తెలుసు. కానీ బావా, నువ్వు దాచినప్పుడల్లా నేను ఇంకా ఒంటరిదాన్ని అవుతున్నాను. భయపడితే నీతో కలిసి భయపడతాను. ఇక్కడ గోడల మధ్య ఒక్కదాన్నే ఊహించుకుని భయపడటం నావల్ల కాదు.

అందుకే ఒక పని చేశాను, తిట్టినా సరే. జమీలా బీ దగ్గర నాలుగు అరబ్బీ మాటలు సరిచేసుకుని, నిన్న మామా నమాజు ముగించి లేవగానే ఎదురుగా పోయి నిలబడ్డాను. టీవీలో జింకల మధ్య పరుగెత్తిన మనిషి నా మొగుడని చెప్పాను. తోట పక్కింట్లో ఆడమనిషికి చెయ్యి విరిగింది, రేపు ప్రాణం పోతుందని చెప్పాను. ఆ మనిషి అరిచింది నా పేరు అని కూడా చెప్పాను.

మామా, "నీ పేరు మరియం కాదా?" అని అడిగింది. కాదన్నాను. అది మగవాళ్ళ వ్యవహారం, నువ్వు పోయి పని చూసుకో అంది. తర్వాత ఫోను తీసుకుని గదిలోకి పోయింది. లోపలినుంచి మేనల్లుళ్ళ మీద గట్టిగా అరుస్తున్న గొంతు వినపడింది.

ఏమవుతుందో తెలియదు. నువ్వు బతికుంటే చాలునని అడిగాను. ఇంకేమీ అడగలేదు.

నీ పార్వతి


వఫ్రా,
జనవరి ఆఖరు శనివారం.

పార్వతికి,

వేట ఆగిపోయింది. నువ్వు అడిగింది జరిగింది. మిగతాది కూర్చుని చదువు.

మీ మామా ఫోను చేసిన మర్నాడే పెద్ద బాబా పెద్దకొడుకు వచ్చాడు. సంగతి పోలీసుల దాకా పోతుందేమోనని బెదిరినట్టున్నాడు. తుపాకులన్నీ కారులో వేయించాడు. రెడ్డెమ్మక్క చేతికి వైద్యం తనే చేయిస్తానన్నాడు, ట్యాంకు కొత్తది పెట్టించాడు. జింకల్ని ఒక వ్యాపారికి అమ్మేశాడు. నిన్న లారీ వచ్చింది. ఎంత అదిలించినా ఒక్కటీ ఎక్కలేదు. చివరికి నేనే శాలువా కప్పుకుని లారీకి ఆనించిన పలక మీదుగా ముందు ఎక్కాను, నా వెనక అన్నీ ఎక్కాయి. నేను దిగాక తలుపు వేశారు. ఎక్కడికి తీసుకుపోతున్నారని అడిగితే ఎవరూ చెప్పలేదు.

జింకలు పోయాక జింకలు మేపేవాడితో పనేముంది? ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కాగితం కూడా రద్దు చేస్తున్నారు. ఖలాస్, బుధవారానికి టికెట్టు తీశారు.

పోయేముందు నిన్ను ఒకసారి చూస్తానని అడిగాను. విమానాలు దిగే చోటికి రిగ్గై ఎంత దూరమని, అయిదు నిమిషాలు గుమ్మం బయట నిలబడి పోతానన్నాను. "మా మేనత్త చెవిలో ఇంకేమన్నా వేయడానికా?" అన్నాడు పెద్దకొడుకు. తిన్నగా విమానం దగ్గరే దింపుతారంట.

నీ మీద కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. నువ్వు నోరు తెరవకుండా ఉంటే ఇంకో ఏడాదన్నా ఒకే దేశంలో ఉండేవాళ్ళం కదా అనిపించింది. ఆ కోపంతోనే రెడ్డెమ్మక్కకు చెప్పుకున్నాను. ఆమె కట్టు కట్టిన చెయ్యి కంచె మీద ఆనించి విన్నది. "ఆ పిల్ల సెప్పకుంటే వొచ్చే వారం నేనన్నా పోయేదాన్ని, నువ్వన్నా పోయేవోనివి. దాన్ని ఒక్క మాట అనబాక పెంచలా" అనింది. అనను. నేను చెప్పలేని మాట నువ్వు చెప్పావు. తోలనని వాళ్ళ మొహాన చెప్పాలని ప్రతి గురువారం అనుకునేవాణ్ణి, శుక్రవారం పొద్దున శాలువా కప్పుకుని పోయేవాణ్ణి.

ఆ శాలువా రెడ్డెమ్మక్కకు ఇచ్చాను. ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు.

ఇది వీరేంద్ర చేతికి ఇస్తున్నాను. వాడికి టీ కూడా ఇచ్చాను.

నీ బావ


రిగ్గై,
ఫిబ్రవరి.

బావకు,

మొన్న ఫోన్లో నేను సరిగా మాట్లాడలేదని నొచ్చుకున్నట్టున్నావు. హాల్లో మామా, ఆమె కోడళ్ళు, పిల్లలు, అందరూ ఉన్నారు. ప్రయాణం బాగా జరిగిందా, పైకప్పు కారుతోందా అని తప్ప ఏం అడగను? పక్క వీధి గంగులమ్మ సెలవు మీద ఊరికి పోతోంది, అందుకని ఇది రాసి ఇస్తున్నాను. కవరు మీద మన ఊరి పేరు రాసి కాసేపు చూస్తూ కూర్చున్నాను.

బుధవారం బట్టలు ఆరేసే పని పెట్టుకుని పొద్దుటినుంచీ మిద్దె మీదే ఉన్నాను. ఇక్కడ విమానాలు బాగా కిందుగా కనిపిస్తాయి. ఏది ఎన్నింటికో నాకు తెలియదు, అందుకని పోయిన ప్రతిదాన్నీ చూశాను. ఆరిన దుప్పట్లు మళ్ళీ తడిపి ఆరేశాను. పక్క మిద్దె మీద పనిచేసే రేహానా చూసి, ఇన్ని దుప్పట్లేంటి, మీ ఇంటికి పెళ్ళివాళ్ళు వచ్చారా అని అడిగింది. అవునన్నాను.

నన్నూ పంపించమని మామాను అడిగాను. ఒప్పుకున్న రెండేళ్ళూ అయ్యేదాకా కుదరదంది. కోపంగా అనలేదులే. ఆ సాయంత్రం తన పాత స్వెట్టరు ఒకటి ఇచ్చింది.

నువ్వు చల్లగా ఇంట్లో ఉన్నావు, అది చాలు. నీ గురించి ఎవరన్నా అడిగితే ఇంటికి పోయినాడని చెబుతున్నాను, ఆ మాట చెప్పేటప్పుడు సంతోషంగానే ఉంటోంది. తప్పు చేశానని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. మళ్ళీ అట్లాంటి రోజు వస్తే మళ్ళీ పోయి మామా ముందు నిలబడతాను.

కానీ ఒక సంగతి నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. ఈ చలికాలమంతా శుక్రవారం కళ్ళు తెరవగానే గుండె దడ మొదలయ్యేది. పిల్లలకు తల దువ్వుతున్నా, నేల తుడుస్తున్నా, నా ప్రాణం మీ తోటలోనే ఉండేది. ఇప్పుడు వాళ్ళు చెట్ల దగ్గరికి చేరుంటారు, ఇప్పుడు మాంసం కాలుస్తుంటారు, ఇంక అయిపోయుంటుంది అనుకుంటూ మధ్యాహ్నం దాకా గడిపేదాన్ని. ఆ దడ ఎప్పుడు పోతుందా అని మొక్కని దేవుడు లేడు.

మొన్న శుక్రవారం అది లేదు. లేచి మంచం మీదే చాలాసేపు కూర్చున్నాను, ఏమి లేదో తెలియక. తర్వాత తెలిసింది. ఈ దేశంలో ఇంక నేను ఎవరి కోసమూ భయపడక్కర్లేదు బావా.

పార్వతి